విండోస్ 11కి మారాక పాత సాఫ్ట్‌వేర్లు, అప్‌గ్రేడ్ కాపీలు ఎక్కించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని అంగళ్లు, డీటీపీ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు, మార్కెట్ యార్డు కమీషన్ షాపుల్లో వాడే సిస్టమ్‌ల కోసం రాసిన పేజీ ఇది. విండోస్ ఎక్కించడం ఒక పూట పని. అసలు నష్టం ఆ తర్వాతే: బిల్లింగ్ తెరుచుకోదు, తెలుగు టైపు కాదు, సీరియల్ నంబరున్న కవరు కనబడదు. వీటిలో చాలావాటికి మందు పాత సిస్టమ్‌లోనే ఉంటుంది. అందుకే ఫార్మాట్ కొట్టించే ముందు కనీసం నాలుగో ప్రశ్న వరకైనా చదవండి.

విండోస్ 10 బాగానే నడుస్తోంది కదా, మారాల్సిందేనా?

నడవడం ఆగదు. 2025 అక్టోబర్ 14తో ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగాయి, అంతే. 22హెచ్2 వెర్షన్ వాడేవాళ్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు గడువు దొరుకుతుంది. నెట్ అసలు తగలని, పాత బిల్లులు చూసుకోవడానికి మాత్రమే ఉంచుకున్న సిస్టమ్‌ను మార్చకపోయినా పరవాలేదు. బ్యాంకింగ్, జీఎస్టీ రిటర్నులు, ఆధార్ పనులు జరిగే సిస్టమ్‌ను మాత్రం వాయిదా వేయకండి.

మా సిస్టమ్‌కు విండోస్ 11 ఎక్కుతుందా?

ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఎక్కుతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్ఐ (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే, బయాస్ స్థానంలో వచ్చిన ప్రోగ్రామ్) ఉండాలి. 4 జీబీ అనేది కాగితం మీది లెక్క. ట్యాలీ, బ్రౌజర్, వాట్సాప్ మూడూ తెరిచి పని చేయాలంటే 8 జీబీ, దాంతోపాటు ఎస్ఎస్‌డీ లేకుండా ఈ పనికి దిగవద్దు.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే టీపీఎం ఉందో లేదో చెబుతుంది. లేదని వచ్చినా అక్కడితో వదిలేయకండి. చాలా బోర్డుల్లో అది ఉండి కూడా ఆపేసి ఉంటుంది. బయాస్‌లో ఇంటెల్ బోర్డుకు పీటీటీ, ఏఎండీ బోర్డుకు ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతికి ఆన్ చేయండి.

డిస్క్‌లో పార్టిషన్ల వివరాలు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే కొత్త జీపీటీ పద్ధతికి మార్చాలి. ఎంబీఆర్‌టూజీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది. ముందు వ్యాలిడేట్ చేసి చూసి, బ్యాకప్ తీసి, అప్పుడు కన్వర్ట్ చేయాలి. డిస్క్‌లో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే వ్యాలిడేషన్ దగ్గరే ఆగిపోతుంది. మార్చడం అయ్యాక బయాస్‌ను లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి తిప్పాలి. ఇది మరిచిపోయి "డిస్క్ పోయింది" అని పరుగెత్తేవాళ్లు ఎక్కువ.

అర్హత లేని సిస్టమ్‌లో అడ్డదారిన ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి. పిల్లల చదువులకు వాడే సిస్టమ్‌లో చేస్తే చేయండి. లెక్కలుండే సిస్టమ్‌లో వద్దు. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ మీద అక్కడ భరోసా ఉండదు.

పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే సాఫ్ట్‌వేర్లన్నీ అలాగే ఉంటాయా?

64 బిట్ విండోస్ 10 మీద అప్‌గ్రేడ్ చేసి, "కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్" ఎంచుకుంటే ఉంటాయి. పాత సీడీలు, సీరియళ్లు పోగొట్టుకున్న అంగడికి ఇదే మంచి దారి. కొత్తగా ఎక్కించడమే శుభ్రమని కొందరు టెక్నీషియన్లు పట్టుబడతారు. శుభ్రమే, కానీ సీరియల్ లేని సాఫ్ట్‌వేర్ తిరిగి రాదు.

32 బిట్ విండోస్ 10 ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు కాబట్టి మొదటి నుంచి ఎక్కించుకోవాల్సిందే. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో సిస్టమ్ టైప్ చూడండి. 2 జీబీ ర్యామ్‌తో కొని, తర్వాత పెంచుకున్న పాత సిస్టమ్‌లలో 32 బిట్ ఇంకా కనబడుతుంది.

ఫార్మాట్ కొట్టే ముందు ఏమేం తీసిపెట్టుకోవాలి?

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందరూ తీస్తారు. పోయేవి మిగతావి.

మొదటిది వర్చువల్‌స్టోర్. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు తమ డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాసుకునేవి. విస్టా నుంచి విండోస్ అక్కడ రాయనివ్వదు. అలాగని పాత ప్రోగ్రామ్‌కు ఎర్రర్ కూడా చూపించదు. ఆ రాతను చడీచప్పుడు లేకుండా వేరే చోటికి మళ్లిస్తుంది: సి డ్రైవ్, యూజర్స్, మీ యూజర్ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. అంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కనిపించే డేటా ఫైలు ఎక్కించిన రోజుది, రోజూ మీరు కొట్టిన బిల్లులు వర్చువల్‌స్టోర్‌లోవి. మొదటిది మాత్రం కాపీ చేసుకుని ఫార్మాట్ కొడితే ఏళ్ల లెక్క మాయమవుతుంది. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి ఎక్స్‌ప్లోరర్ వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి. రెండు చోట్లా ఫైలు తేదీలు పోల్చి చూడండి. ఒకే సిస్టమ్‌లో ఇద్దరు వేర్వేరు లాగిన్‌లతో పని చేస్తుంటే ఇద్దరి వర్చువల్‌స్టోర్‌లూ వేర్వేరు.

రెండోది లైసెన్సులు. సరెండర్, డీయాక్టివేట్ చేయాల్సినవన్నీ పాత సిస్టమ్‌లో, నెట్ ఉండగా చేయాలి. సీరియల్ నంబర్లు హెల్ప్, అబౌట్ తెరలో కనబడితే ఫోన్‌తో ఫోటో తీయండి.

మూడోది ప్రింటర్ కాగితం సైజులు, బిల్లు ఫార్మాట్లు, ఫాంట్ల ఫోల్డర్. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటే భయం లేదు, అది టోకెన్‌లోనే ఉంటుంది. సాఫ్ట్ సర్టిఫికెట్‌గా సిస్టమ్‌లోనే ఉంటే ప్రైవేట్ కీతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, పాస్‌వర్డ్ రాసిపెట్టుకోండి.

వీలైతే పాత హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ చేయనే చేయకండి. కొత్త ఎస్ఎస్‌డీ కొని దాని మీద విండోస్ 11 ఎక్కించి, పాతదాన్ని ఒక నెల పక్కన పెట్టండి. ఇంతకంటే చవకైన బీమా లేదు.

అప్‌గ్రేడ్ సీడీ వేస్తే "పాత వెర్షన్ కనబడలేదు" అంటోంది. డబ్బు పెట్టి కొన్నదే కదా?

కొన్నదే. కానీ అప్‌గ్రేడ్ కాపీ తక్కువ ధరకు వచ్చింది మీ దగ్గర పాత వెర్షన్ ఉందన్న షరతు మీదే. ఆ సంగతిని అది రెండు రకాలుగా సరిచూస్తుంది. కొన్ని రిజిస్ట్రీలో (ప్రోగ్రామ్‌ల వివరాలను విండోస్ రాసుకునే చోటు) పాత వెర్షన్ గుర్తుల కోసం వెతుకుతాయి. కొన్ని పాత సీరియల్ నంబరు అడుగుతాయి. కొత్తగా ఎక్కించిన విండోస్‌లో రిజిస్ట్రీ ఖాళీ కాబట్టి మొదటి రకం మొరాయిస్తుంది. పాత ప్రోగ్రామ్ ఫోల్డర్‌ను కాపీ చేసి అతికించినా లాభం లేదు, రిజిస్ట్రీ గుర్తులు దాంతో రావు.

వరుస ఇలా ఉండాలి. ముందు ఫుల్ వెర్షన్ పాత సీడీ, దాని సీరియల్. ఒకసారి తెరిచి మూసేయండి, కొన్ని ప్రోగ్రామ్‌లు మొదటిసారి తెరిచినప్పుడే లైసెన్స్ గుర్తు రాస్తాయి. తర్వాత అప్‌గ్రేడ్. ఆ తర్వాత ప్యాచ్‌లు, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకు. మధ్యలో ఒక అప్‌గ్రేడ్ మీద ఇంకో అప్‌గ్రేడ్ కొని ఉంటే గొలుసు మొత్తం అవసరం కావచ్చు. అన్నీ ఒకే ఫోల్డర్ దారిలో, ఒకే భాషా ఎడిషన్‌లో, ఒకే విండోస్ యూజర్ లాగిన్‌లో ఎక్కించండి.

పాత వెర్షన్ విండోస్ 11లో అసలు ఎక్కకపోతే? ఎక్కువ అప్‌గ్రేడ్ ఇన్‌స్టాలర్లు ఆ దశలో పాత సీరియల్ ఇస్తే ఒప్పుకుంటాయి. "ఐ హావ్ ఎ క్వాలిఫైయింగ్ ప్రాడక్ట్" లాంటి బటన్ కోసం చూడండి. సీడీ డ్రైవ్ లేని ల్యాప్‌టాప్ అయితే పాత సిస్టమ్‌లో సీడీని ఐఎస్‌ఓ ఫైలుగా మార్చి తెచ్చుకోండి. డబుల్ క్లిక్ చేస్తే విండోస్ 11 దాన్ని డ్రైవ్‌లా తెరుస్తుంది.

సీరియల్ సరైనదే, యాక్టివేషన్ మాత్రం కావడం లేదు. ఎందుకని?

ఎక్కువసార్లు కారణం, పాత సిస్టమ్‌లో డీయాక్టివేట్ చేయకుండా ఫార్మాట్ కొట్టడం. ఆ లైసెన్స్ ఇంకా అక్కడే వాడుకలో ఉందని కంపెనీ సర్వర్ అనుకుంటుంది. కొన్న బిల్లుతో కంపెనీ సపోర్ట్‌కు రాస్తే లెక్క సరిచేస్తారు. మరీ పాతవైతే సర్వర్లే ఉండవు. ఫోటోషాప్ సీఎస్2 కాలం నాటి యాక్టివేషన్ సర్వర్లు ఎప్పుడో మూతపడ్డాయి.

సిస్టమ్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ సిస్టమ్‌దే, కొత్తదానికి రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ వస్తుంది. ఆఫీస్ 2016, 2019లకు కూడా సపోర్ట్ విండోస్ 10తో అదే రోజున ముగిసింది.

ట్యాలీ ఈఆర్‌పీ 9 నుంచి ట్యాలీప్రైమ్‌కు ఇప్పుడే మారవచ్చా?

మారవచ్చు, కానీ రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోకండి. ముందు విండోస్ మార్చి, ఉన్న ట్యాలీని అదే రిలీజ్‌తో నడిపి, ట్రయల్ బ్యాలెన్స్ పాతదాంతో సరిపోయిందో చూడండి. తర్వాత ప్రైమ్. లేకపోతే తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో తేలదు.

పాత సిస్టమ్‌లో లైసెన్స్ మెనూలోకి వెళ్లి సరెండర్ చేయండి. కొత్తదాంట్లో సీరియల్ నంబరు, ఈమెయిల్ ఇచ్చి యాక్టివేట్ చేస్తే అన్‌లాక్ కీ లైసెన్స్ అడ్మినిస్ట్రేటర్ ఈమెయిల్‌కు వస్తుంది. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. చాలా అంగళ్లలో ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసిన అకౌంటెంట్‌దో, అమ్మినవాళ్లదో అయి ఉంటుంది. సరెండర్ చేసే ముందే అది ఎవరిదో చూసి, యజమాని పేరు మీదికి మార్పించుకోండి.

డేటా మొత్తం ఫోల్డర్‌గా కాపీ చేయాలి. ఒక్కో కంపెనీ 10000, 10001 లాంటి నంబరు ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రైమ్ 3.0, ఆ పై రిలీజ్‌లు పాత డేటాను కొత్త రూపంలోకి మారుస్తాయి, మారినది పాత రిలీజ్‌లో తెరుచుకోదు. అందుకే బ్యాకప్ కాపీ మీదే మార్చండి. ఆదోని పత్తి, వేరుశనగ వ్యాపారులు హమాలీ, కమీషన్, సెస్సు విడిగా చూపించే టీడీఎల్ (ట్యాలీకి అదనంగా రాయించే ప్రోగ్రామ్) రాయించుకుని ఉంటే, అది ప్రైమ్‌లో పని చేస్తుందో లేదో రాసినవాళ్లతోనే ముందు పరీక్షించుకోండి. కొత్త రిలీజ్ వాడటానికి టీఎస్‌ఎస్ (ట్యాలీ సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ చందా) గడువు కూడా ఉండాలి.

పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ 11లో పని చేస్తాయా?

పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అను స్క్రిప్ట్ మేనేజర్ దాంట్లో తెలుగు టైపు చేయించే ప్రోగ్రామ్. 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి ఇప్పటికీ లాక్కురావచ్చు. అధికారికంగా సపోర్ట్ లేదు.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సి డ్రైవ్‌లో పీఎం7 లాంటి చిన్న పేరుతో ఫోల్డర్ పెట్టి అందులో ఎక్కించండి, వర్చువల్‌స్టోర్ తలనొప్పి తప్పుతుంది. ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో విండోస్ ఎక్స్‌పీ ఎంచుకోండి. ఫైళ్లు తెరిచే ముందు ప్రింటర్ డ్రైవర్ వేసి, దాన్నే డిఫాల్ట్ చేయండి. పేజ్‌మేకర్ పేజీని ఎంచుకున్న ప్రింటర్‌కు తగ్గట్టు కూర్చుతుంది, ప్రింటర్ మారితే పంక్తులు జరిగే ప్రమాదం ఉంది. పెళ్లిపత్రికల పాత ఫైళ్లలో ఇది బాగా కనబడుతుంది. విండోస్ 11 సెట్టింగ్స్‌లో "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆపేయండి, లేకపోతే చివరిగా వాడిన ప్రింటర్ డిఫాల్ట్ అయిపోతుంది.

తెలుగు రాకపోవడానికి పెద్ద కారణం అడ్మినిస్ట్రేటర్ టిక్. పేజ్‌మేకర్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టి, స్క్రిప్ట్ మేనేజర్‌ను మామూలుగా తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి. తక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రామ్, ఎక్కువ హక్కులతో నడిచేదాని కీబోర్డులో జోక్యం చేసుకోవడాన్ని విండోస్ ఒప్పుకోదు. రెండింటినీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, లేదా రెండింటినీ మామూలుగా తెరవండి. ఈ ఒక్క టిక్ కోసం విండోస్ మళ్లీ ఎక్కించినవాళ్లున్నారు.

ఫాంట్లను డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అవి మీ ఒక్క యూజర్‌కే పడతాయి, పాత ప్రోగ్రామ్‌లకు కనబడకపోవచ్చు. అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌తో "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" నొక్కండి. పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం అనే రెండేసి ఫైళ్లుగా ఉన్నవి టైప్ 1 ఫాంట్లు. 2023 జనవరి నుంచి అడోబీ కొత్త ప్రోగ్రామ్‌లు వాటిని తీసుకోవడం లేదు, ట్రూటైప్ రూపం సంపాదించుకోవాలి.

గౌతమి ఫాంట్‌లో చేసిన వర్డ్ ఫైళ్లు వేరేగా కనబడుతున్నాయి.

గౌతమి, వాణి ఇప్పుడు విడిగా వేసుకోవాలి. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్‌లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" చేర్చండి. అప్పటిదాకా విండోస్ నిర్మలా యూఐతో చూపిస్తుంది, అందుకే పేజీలు పెరుగుతాయి.

"దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ" అని వస్తోంది.

ఫాక్స్‌ప్రో, క్లిప్పర్‌లలో డాస్ కాలంలో రాసిన ప్రోగ్రామ్ అయితే అది 16 బిట్. 64 బిట్ విండోస్‌లో దాన్ని నడిపే భాగమే లేదు, కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం సున్నా. ఒక్క సిస్టమ్ అయితే డాస్‌ను అనుకరించే వీడాస్ లేదా డాస్‌బాక్స్‌లో నడపవచ్చు. రెండు మూడు సిస్టమ్‌లు ఒకే డేటా మీద పని చేస్తుంటే, ఫైల్ లాకింగ్ కుదరక ఇండెక్స్‌లు పాడవుతాయి కాబట్టి డాస్‌బాక్స్ వద్దు. విండోస్ లోపలే ఇంకో విండోస్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో 32 బిట్ విండోస్ పెట్టి అందులో నడపండి. ఇది విండోస్ 11 హోమ్‌లోనూ పని చేస్తుంది, ఇలాంటి పనే చేసే హైపర్‌వీ మాత్రం హోమ్‌లో ఉండదు, ప్రోలో ఉంటుంది.

ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా దాని సెటప్ 16 బిట్ కావచ్చు. ఇన్‌స్టాల్‌షీల్డ్ 5 వరుస సెటప్‌లను విండోస్ తనే గుర్తుపట్టి 32 బిట్ ఇంజన్‌తో నడుపుతుంది, మిగతా చాలావాటికి ఆ సౌకర్యం లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లో స్టోర్ తప్ప బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కకపోతే అది ఎస్ మోడ్‌లో ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లో నుంచి ఉచితంగా బయటికి రావచ్చు. తిరిగి లోపలికి వెళ్లలేరు, వెళ్లాల్సిన అవసరమూ రాదు.

డీఎల్‌ఎల్ ఫైలు లేదంటోంది. నెట్‌లో దొరికేది దించుకోవచ్చా?

వద్దు. ఎంఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140 అని వస్తే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేయండి. 32 బిట్ ప్రోగ్రామ్‌కు ఎక్స్86 రకం కావాలి, సిస్టమ్ 64 బిట్‌దైనా సరే. అందుకే రెండు రకాలూ వేసేయడం మేలు. ఎంఎస్‌వీసీఆర్100 అయితే 2010 ప్యాకేజీ.

డాట్ నెట్ 3.5 అడిగితే "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్"లో టిక్ పెట్టాలి. నెట్ సరిగా లేనిచోట అది డౌన్‌లోడ్ మధ్యలో ఆగుతుంది. అప్పుడు విండోస్ పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్, ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌ను చూపిస్తూ డిస్మ్ కమాండ్‌తో (విండోస్ భాగాలను చేర్చే, మార్చే టూల్) వేయించండి. పెన్‌డ్రైవ్ వెర్షన్, సిస్టమ్ వెర్షన్ ఒకటే ఉండాలి.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంది, కానీ సర్వీస్ స్టార్ట్ కాదు.

హాస్పిటల్, మెడికల్ షాపు, ఫైనాన్స్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు దీని మీదే నడుస్తాయి కాబట్టి తెలుసుకోవాల్సిన విషయం. కొన్ని ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు తమ సెక్టార్ సైజు 4 కేబీ కంటే ఎక్కువని విండోస్ 11కు చెబుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 512 బైట్లు, 4 కేబీ మాత్రమే ఒప్పుకుంటుంది. ఎఫ్‌ఎస్‌యూటిల్ ఎఫ్‌ఎస్‌ఇన్ఫో సెక్టార్‌ఇన్ఫో కమాండ్‌తో ఆ సైజు చూడవచ్చు. ఎక్కువుంటే రిజిస్ట్రీలో స్టోర్ఎన్‌వీఎంఈ సర్వీస్ కింద, పారామీటర్స్, డివైస్‌లో ఫోర్స్‌డ్‌ఫిజికల్‌సెక్టార్‌సైజ్‌ఇన్‌బైట్స్ అనే మల్టీ స్ట్రింగ్ విలువ పెట్టి, అందులో నక్షత్రం గుర్తు, ఒక ఖాళీ, 4095 రాసి రీస్టార్ట్ చేయాలి. ఆ తర్వాత, సగంలో ఆగిన ఎస్‌క్యూఎల్‌ను తీసేసి మళ్లీ ఎక్కించండి. ఇక 2016 ఎడిషన్, అంతకు ముందువి విండోస్ 11లో సపోర్ట్‌లో లేవు. 2017 లేదా తర్వాతిది పెట్టమని సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను అడగండి.

డాంగిల్, వేలిముద్ర మిషన్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సంగతేంటి?

డాంగిల్ (లైసెన్స్ ఉండే యూఎస్‌బీ ముక్క) లాంటివాటికి ప్రోగ్రామ్ 32 బిట్‌ది నడుస్తుంది కానీ డ్రైవర్ మాత్రం 64 బిట్‌దే కావాలి. పాత సీడీలోని డ్రైవర్ పక్కన పెట్టి తయారీదారు సైటులోని తాజాది దించుకోండి. డ్రైవర్ వేసేదాకా కేబుల్ గుచ్చవద్దు. అయినా లోడ్ కాకపోతే విండోస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటిగ్రిటీ ఏ డ్రైవర్‌ను ఆపిందో చూడండి. దాన్ని ఆపేయడం చివరి మార్గమే.

డాట్ మ్యాట్రిక్స్‌లో సగం బిల్లు కాగితం వాడేవాళ్లకు ప్రతి బిల్లుకూ పూర్తి కాగితం బయటికొస్తే, కొత్త విండోస్‌కు ఆ సైజు తెలియదన్నమాట. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో ఫార్మ్స్‌కు వెళ్లి వెడల్పు 10 అంగుళాలు, ఎత్తు 6 అంగుళాలతో కొత్త ఫారం చేసి, ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లో దాన్ని ఎంచుకోండి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్ కేబుల్ వాడితే అది ఎల్‌పీటీ1 (పాత ప్రింటర్ పోర్టు) కాదు, యూఎస్‌బీ001 పోర్టు అవుతుంది. నేరుగా ఎల్‌పీటీ1కి ప్రింట్ పంపే పాత ప్రోగ్రామ్ కోసం ప్రింటర్‌ను షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1కి కలపాలి.

పక్క సిస్టమ్‌లోని షేర్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు.

24హెచ్2 నుంచి విండోస్ 11 ప్రో, పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌లను తెరవనివ్వదు. ఆ భద్రతను ఆపే చిట్కాలు వీడియోల్లో చాలా ఉన్నాయి. వాటి జోలికి పోకుండా, ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ యూజర్‌ను చేసి, షేర్‌లో అతనికి అనుమతిచ్చి, కొత్త సిస్టమ్‌లో ఆ పేరు, పాస్‌వర్డ్ ఒకసారి గుర్తుపెట్టించండి. అయిదు నిమిషాల పని.

బయాస్ మార్చాక 48 అంకెల కీ అడుగుతోంది.

బిట్‌లాకర్ రికవరీ కీ అది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన సిస్టమ్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. అదే అకౌంట్‌లో ఫోన్ నుంచి లాగిన్ అయితే డివైసెస్ కింద కీ దొరుకుతుంది. అకౌంట్ టెక్నీషియన్ ఈమెయిల్‌తో చేయించుకుని ఉంటే కీ ఆయన దగ్గరుంటుంది. కీ ఎక్కడా లేకపోతే డేటా తిరిగి రాదు. బయాస్ పనులకు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి.

నచ్చకపోతే విండోస్ 10కి వెనక్కి రావచ్చా?

అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల్లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" ఉంటుంది. ఫైళ్లు ఉంటాయి, అప్‌గ్రేడ్ తర్వాత ఎక్కించిన ప్రోగ్రామ్‌లు పోతాయి. సి డ్రైవ్ నిండిందని విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ తీసేస్తే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. 10 రోజులు చాలవనుకుంటే గడువు లోపలే డిస్మ్ కమాండ్‌తో 60 రోజుల వరకు పెంచుకోవచ్చు. నెలాఖరు జీఎస్టీ రిటర్ను ఒక్కటైనా కొత్త సిస్టమ్‌లో వేసి చూసేదాకా ఆ ఫోల్డర్‌ను ముట్టుకోకండి.